బ్రూస్ లీ డైరీలో ఏముంది?

ప్రశ్న: మాస్టారూ, మాది ఉండి దగ్గర పల్లె. రొయ్యల చెరువు మీద నైట్ డ్యూటీ చేస్తాను. బ్రూస్ లీ అంటే ప్రాణం. ఆయన వీడియో చూస్తే ఒళ్లు పొంగిపోతుంది. తెల్లారి డ్యూటీ దిగగానే చెరువు గట్టు మీదే కిక్కులు మొదలుపెడతాను. వారం తిరక్కుండా చప్పబడిపోతాను. ఈసారి మోకాలు కూడా పట్టేసింది. ఆయన క్రమశిక్షణలో పదో వంతైనా నాకు ఎలా వస్తుంది?
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు మోకాలి సంగతి. రాత్రంతా నిద్ర లేకుండా, వార్మప్ లేకుండా, ఏటవాలు గట్టు మీద కిక్కులేంటి బాబూ? నీ దేవుడికీ ఇలాంటిదే జరిగింది. 1970లో వార్మప్ చేయకుండా బరువు భుజాల మీద పెట్టుకుని వంగాడు. నడుం దెబ్బతింది. ఇక కిక్కుల సంగతి మర్చిపొమ్మన్నారు డాక్టర్లు. అప్పటికి ముప్పయ్యేళ్లు నిండలేదు.

నెలల తరబడి మంచం మీదే. వీడియోల్లో కనపడని బ్రూస్ లీ అక్కడున్నాడు. పడుకునే చదివాడు. బాక్సింగ్, ఫెన్సింగ్, ఏదీ వదల్లేదు. తనకు పనికొచ్చేది ఏరుకుంటూ నోటుబుక్కులు నింపాడు. 1973లో, 32 ఏళ్లకే ఆయన పోయాక, ఆ రాతలే 1975లో పుస్తకంగా వచ్చాయి. ఆ మంచం మీంచి లేచాక మళ్లీ కిక్కులూ కొట్టాడు, నొప్పి మాత్రం పూర్తిగా వదల్లేదు.

నీళ్లలా ఉండమన్నాడని అందరూ స్టేటస్‌లు పెడతారు. నాకది పెద్దగా ఎక్కదు. కాలువల మధ్య పుట్టినవాళ్లం, నీళ్ల గురించి మనకొకరు చెప్పాలా! ఆయన డైరీలంటే మాత్రం ఇష్టం. ఏ రోజు ఎన్ని పంచులు, ఏ వ్యాయామం ఎన్నిసార్లు, అన్నీ తారీఖులతో ఉంటాయి. ఉపన్యాసం ఉండదు.

భీమవరంలో మా కరాటే క్లాసుకీ బ్రూస్ లీని చూసి వచ్చేవాళ్లే ఎక్కువ. వేసవి సెలవుల్లో గ్రౌండు నిండిపోతుంది. స్కూళ్లు తెరిచేసరికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలేది మొదటి రోజు హుషారుగా గెంతినవాళ్లు కారు, గోడ పక్కన బెరుగ్గా నిలబడ్డవాళ్లు.

రాసుకోవడం నీకు కొత్త కాదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో, చెక్ ట్రేలో మేత ఎంత మిగిలిందో రాయకపోతే మీ రైతు ఊరుకుంటాడా? రొయ్య పైకి తేలిన రోజే చూస్తానంటే పంట పోయినట్టే. ఆ పుస్తకం పక్కనే నీ ఒంటికీ ఒకటి పెట్టుకో.

మోకాలు ఎముకల డాక్టరుకి చూపించు. ఆయన సరేననేదాకా కిక్కులు వద్దు. పగలు నిద్రపోయి లేచాక, డ్యూటీకి వెళ్లేముందు పావుగంట కుర్చీలో కూర్చునే పంచులు చెయ్యి. చేయని రోజు కూడా తారీఖు వేసి, ఎందుకు చేయలేదో ఒక ముక్క రాయి. నెలయ్యాక ఆ పేజీలు నాకు పంపు. ఏ కారణం ఎక్కువసార్లు వచ్చిందో చూసి, అప్పుడు దాని సంగతి మాట్లాడుకుందాం.