షుగర్ గురించిన ఆన్‌లైన్ సమాచారం తేలిక భాషలో రాస్తే సరిపోతుందా?

సరిపోదు, ఆరోగ్య విషయాలు అంతగా తెలియనివాళ్లకు మాటలు తేలికగా ఉండటంతో పాటు, ఇప్పుడు ఏం చేయాలో పేజీ తెరవగానే కనబడాలి.

షుగర్‌ని రోజూ చూసుకోవాల్సింది డాక్టర్ కాదు, ఆ మనిషే. చాలా పేజీలేమో ఇన్సులిన్ ఎలా పనిచేస్తుందో చెప్పడంతో మొదలుపెట్టి, చేయాల్సిన పనిని ఎక్కడో అడుగున పెడతాయి. అంతదాకా స్క్రోల్ చేసే ఓపిక ఎవరికుంటుంది?

షుగర్ పడిపోవడం సంగతే చూడండి. “గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే 15 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకోవాలి” అన్న వాక్యంలో తప్పేమీ లేదు. కానీ చేతులు వణుకుతూ చెమటలు పడుతున్న మనిషి 15 గ్రాములు ఎలా కొలుస్తాడు? “మీటర్‌లో 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే అర కప్పు పండ్ల రసం తాగండి. 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోండి. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగండి” అని రాసి, పక్కన అర కప్పు ఫొటో, వినడానికి ఆడియో బటన్ పెడితే పని జరుగుతుంది. నవ్వుతున్న డాక్టర్ ఫొటో మాత్రం ఎవరికీ ఏమీ నేర్పదు.

ఇదంతా చదువురానివాళ్లకే అనుకోవడం పొరపాటు. మీటర్ అంకె ఆ క్షణానిదనీ, హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష సుమారు రెండు మూడు నెలల షుగర్ సగటును చెబుతుందనీ తెలియక డిగ్రీలున్నవాళ్లూ తికమకపడతారు. పేజీని పరీక్షించేటప్పుడు “అర్థమైందా?” అని అడిగితే అందరూ తలూపుతారు. చదివాక ఏం చేస్తారో వాళ్ల మాటల్లోనే చెప్పమనాలి.