ఆత్మీయ డైరీ రాయడం క్రైస్తవులకు తప్పనిసరా?

తప్పనిసరి కాదు, రోజూ డైరీ రాయాలని బైబిల్లో ఎక్కడా ఆజ్ఞ లేదు, ప్రార్థనకూ ఆత్మపరిశీలనకూ తోడుగా విశ్వాసులు అలవరచుకున్న సాధన ఇది.

ప్రొటెస్టంట్లలో ఇది ఎక్కువగా పాతుకుపోవడానికి కారణం ఉంది. కాథలిక్కులు పాపసంకీర్తనం కోసం, అంటే చేసిన పాపాలను ఒప్పుకోవడానికి, గురువు (ఫాదర్) దగ్గరకు వెళతారు. 16వ శతాబ్దంలో ప్రొటెస్టంట్లు కాథలిక్ సంఘం నుంచి విడిపోయిన సంస్కరణోద్యమం తర్వాత చాలా సంఘాల్లో ఆ ఏర్పాటు లేకుండా పోయింది, మనస్సాక్షిని ఎవరికి వారే తరచి చూసుకోవలసి వచ్చింది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ప్యూరిటన్లు అనే నిష్ఠగల ప్రొటెస్టంట్లు ఆ పనిని కాగితం మీదకు తెచ్చారు: ఆనాటి తప్పులు, జవాబు దొరికిన ప్రార్థనలు, దేవుడు చేసిన మేళ్లు.

తర్వాతి శతాబ్దంలోనూ ఈ అలవాటు కనిపిస్తుంది. మెథడిస్టు అనే ప్రొటెస్టంటు ఉద్యమానికి ఆద్యుడు జాన్ వెస్లీ 1725లో, ఆక్స్‌ఫర్డులో ఉండగా డైరీ మొదలుపెట్టాడు. సమయం ఎలా గడిపాడో సంకేత లిపిలో, పొడి అక్షరాల్లో రాసుకునేవాడు. ఆయన అచ్చు వేయించిన జర్నల్ వేరు, అది పాఠకుల కోసం. నలుగురి ముందు చెప్పే సాక్ష్యాన్నే డైరీలోనూ రాసుకునేవారు ఈ తేడా గమనించాలి.

డైరీ రాయాలనడానికి చాలామంది బైబిల్లోని హబక్కూకు ప్రవక్త గ్రంథం 2:2ను ఆధారంగా చూపుతారు. అక్కడ ప్రవక్తకు చెప్పింది దర్శనాన్ని ఇతరులు చదివేలా పలకల మీద స్పష్టంగా రాయమని. సొంత మనసులోని మాటలు రాసి దాచుకోమని కాదు. అంతకన్నా చిక్కైన అపోహ, ప్రార్థన తర్వాత కలం నుంచి వచ్చిన ప్రతి మాటా దేవుని స్వరమేననుకోవడం. అది రాసినవారి ఆలోచనే, లేఖనంతో సరిచూడాల్సిందే. రోజూ పేజీ నింపాలన్న నియమమూ లేదు. బైబిల్లోని ప్రార్థనలూ పొడవుగానే ఉండవు: 13వ కీర్తనలో ఉన్నవి ఆరు వచనాలే, అదీ ‘ఎంతకాలం’ అన్న ఫిర్యాదుతో మొదలవుతుంది.