బండి వెనక ఫ్రిజ్, నీళ్లు: పాఠకుల ప్రశ్నలు

ప్ర: మా ఇసుజు వీ-క్రాస్ వెనక భాగానికి కేనోపీ (పైకప్పు గూడు) బిగించి 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) లిథియం బ్యాటరీ, బండి నడిచేటప్పుడు దాన్ని నింపే 25 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జర్ పెట్టించాం. ఇంజిన్ నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరు లాగారు. నాలుగు గంటలు నడిపినా బ్యాటరీ నిండదు. తెల్లారుజామున ‘లో వోల్టేజ్’ అని చూపించి ఫ్రిజ్ ఆగిపోతోంది. 200 ఏహెచ్ బ్యాటరీ వేయించమంటారా?
– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట

జ: వద్దండి. వందే నిండనప్పుడు రెండు వందలు ఎక్కడ నిండుతుంది? ముందు లెక్క చూడండి. ఈ సైజు ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగేటప్పుడు 4–5 ఆంపియర్లు తీసుకుంటుంది. మే ఎండల్లో సగం సేపు తిరుగుతుందనుకున్నా రోజుకు 50–55 ఏహెచ్. నిండు బ్యాటరీ అయితే ఒక రోజు దాటి రావాలి.

25 ఆంపియర్లు చార్జర్ బయటికి ఇచ్చే కరెంటు. అది ఇవ్వాలంటే ఇంజిన్ వైపు నుంచి 30 పైనే లాగుతుంది. బండి పొడవునా పోయి వచ్చేసరికి వైరు 12 మీటర్లు. 6 స్క్వేర్ ఎంఎం వైరులో అంత కరెంటు పారితే వోల్టు పైనే దారిలో పోతుంది. చార్జర్‌కు వోల్టేజి చాలక ఆగి ఆగి పనిచేస్తుంది. 16 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే నష్టం 0.4 వోల్టులకు దిగుతుంది. ఇంజిన్ బ్యాటరీకి జానెడు దూరంలోపే 40 ఆంపియర్ల ఫ్యూజు, వెనక బ్యాటరీ దగ్గర ఇంకొకటి తప్పనిసరి. ఒక్క ఫ్యూజుతో సరిపెట్టే మెకానిక్‌లు ఉన్నారు, ఒప్పుకోకండి. నెగెటివ్‌ను ఛాసిస్‌కు ఇస్తే లగ్గు (వైరు చివరి లోహపు కొక్కెం) కూర్చునే చోట పెయింటు గీకి లోహం కనబడాలి.

తెల్లారుజామున ఆగడానికి రెండో కారణం కూడా ఉండొచ్చు. ఫ్రిజ్‌ను సిగరెట్ లైటర్ సాకెట్‌కు పెట్టారా? గతుకుల్లో ఆ పిన్ను వదులై వేడెక్కుతుంది. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో బ్యాటరీ దగ్గర, ఫ్రిజ్ ప్లగ్గు దగ్గర మల్టీమీటరుతో చూడండి. తేడా అర వోల్టు దాటితే లోపం అక్కడే. 4 స్క్వేర్ ఎంఎం వైరు, ఆండర్సన్ ప్లగ్గు (గతుకుల్లో వదులవని గట్టి ప్లగ్గు), 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించండి. ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ (వోల్టేజి తగ్గితే ఫ్రిజ్‌ను ఆపే సెట్టింగు) ‘హై’లో ఉంటే ‘లో’కి మార్చండి. ‘హై’ ఇంజిన్ బ్యాటరీని కాపాడటానికి పెట్టింది.

ప్ర: ఇద్దరం మూడు రోజులు అరకు వైపు వెళ్తున్నాం. నీళ్లు ఎన్ని? పంపు కావాలా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జ: తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు, గిన్నెలకు, మొహానికి ఇంకో 3. దారిలో ఒకసారి నింపుకోవచ్చు కాబట్టి 20 లీటర్ల క్యాన్లు రెండు చాలు. 40 లీటర్లది ఒక్కటే కొంటే నింపాక ఎత్తలేరు, అది కారితే అంతా పోయినట్టే. వాటిని క్యాబిన్ గోడకు ఆనించి బెల్టుతో కట్టండి. వెనక తలుపు దగ్గర పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి స్టీరింగ్ తేలికవుతుంది. నీళ్ల ప్లాంటు వాళ్లిచ్చే పారదర్శక క్యాన్లు వద్దు, ఎండ తగిలితే లోపల నాచు పడుతుంది.

పంపు మీకు అనవసరం. కుళాయి ఉన్న క్యాను ఎత్తులో పెట్టుకుంటే సరి. బయల్దేరే ముందు వాసనలేని 5 శాతం బ్లీచ్ క్యానుకు 20 మిల్లీలీటర్లు కలిపి నిండా నీళ్లు పోసి 4 గంటలుంచి, వాసన పోయేదాకా కడగండి.

ప్ర: లిథియం బ్యాటరీతో సెప్టెంబరు చివర లడఖ్ వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: వెళ్లొచ్చు. వాడకానికి చలి పెద్ద అడ్డు కాదు, చార్జింగ్‌తోనే చిక్కు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే సెల్ లోపల లిథియం లోహంగా పేరుకుని సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయగానే చార్జర్ మొదలుపెడుతుంది కాబట్టి దాని ఇగ్నిషన్ వైరుకు (ఇంజిన్ ఆన్ అయిందని చార్జర్‌కు తెలిపే వైరు) ఒక స్విచ్ పెట్టించి, బ్యాటరీ చలి వదిలాకే వేయండి. చలిలో చార్జింగ్‌ను తనే ఆపే లో-టెంపరేచర్ కటాఫ్ ఉన్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) అయితే ఈ బాధ లేదు. బ్యాటరీని క్యాబిన్ లోపల పెట్టుకోండి. నీళ్ల క్యాన్లలో నాలుగు వేళ్లు ఖాళీ ఉంచండి, గడ్డకట్టినప్పుడు పగలవు.