పాత వీణకు పగుళ్లు: ఏది ఆగుతుంది, ఏది ఆగదు

ప్రశ్న: అమ్మాయి కోసం సెకండ్‌హ్యాండ్‌లో పనసచెక్క వీణ కొన్నాం. మే నెలలో కుండ (వీణ గుండ్రటి బోలు భాగం) పైపలక మీద జానెడు పొడవున సన్నని గీత పడింది. కుండకీ దండికీ (మెట్లుండే పొడవాటి భాగానికీ) మధ్య అతుకు దగ్గర ఇంకొకటి ఉంది. వీణ ఉన్న గదిలో ఏసీ వాడతాం. ఫెవిక్విక్ పోసి మూసేయొచ్చా?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: ఫెవిక్విక్ వద్దు. అది చెక్కలోకి ఇంకి గాజులా గట్టిపడుతుంది, చెక్క కదిలితే పక్కనే మళ్లీ చీలుతుంది. ఆ తర్వాత మంచి జిగురు పెట్టినా అక్కడ పట్టదు. నూనె రాసినా అదే ఇబ్బంది.

ముందు అతుకు సంగతి చూడండి. శ్రుతి చేసిన గంటకే దిగిపోతోందా? కుండ వైపున్న చివరి మెట్ల (తీగను నొక్కే అడ్డకమ్మీల) దగ్గర తీగ మునుపటికంటే ఎత్తుగా ఉందా? దండి కొసన ఉండే జంతుముఖం, యాళి వైపు మెల్లగా నొక్కితే కిర్రుమంటోందా? వీటిలో ఒక్కటి ఉన్నా తీగల లాగుడుకి దండి పైకి లేస్తున్నట్టే. ఈరోజే శ్రుతి నాలుగైదు స్వరాలు దించండి. తీగలు పూర్తిగా వదిలితే గుర్రం (కుండ మీద తీగలు ఆనే దిమ్మ) జరిగిపోతుంది కాబట్టి ముందే దాని చుట్టూ పెన్సిల్‌తో గీయండి. అతుకు విప్పి, పాత జిగురు గీకి, మళ్లీ బిగించడం వీణలు చేసేవారి పని. దండి మట్టం మారుతుంది కనుక మైనంతో మేళం కూడా, అంటే మెట్లను స్వరస్థానాల్లో నిలపడం, మళ్లీ కట్టించాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో చేసినట్టు ఒకే దుంగలో తొలిచిన వీణైతే అక్కడ అతుకే ఉండదు. గీత కనబడితే చెక్కే చీలిందని అర్థం.

పైపలక గీత అంత తొందరపెట్టదు. గోరు ఆనకపోతే పాలిష్ పగులు, వదిలేయండి. గోరు దిగితే రెండు కొసల్లో పెన్సిల్ చుక్క పెట్టి తేదీ రాయండి. ఎండాకాలంలో, ఏసీ గాలికి చెక్క అడ్డంగా కుంచించుకుని నారవెంట చీలుతుంది. అలా తెరుచుకుని ఉండగానే పూడిస్తే, వానల్లో చెక్క ఉబ్బి ఆ పూడికే పగులును తోస్తుంది. అందుకే ముందు తేమ ఇవ్వాలి: చిల్లుల సబ్బుపెట్టెలో తడి పిండిన స్పాంజి పెట్టి, చెక్కకు తగలకుండా వీణపెట్టెలో ఉంచండి. గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ 50 శాతం దగ్గర నిలిచేలా రెండు మూడు వారాలు చూడండి.

గీత దగ్గరపడ్డాక చెక్కకు వాడే ఫెవికాల్‌ను కొద్దిగా నీళ్లతో పల్చన చేసి, బొటనవేలితో లోపలికి రుద్ది, పైకి వచ్చింది తడిగుడ్డతో తుడిచి, 24 గంటలు కదపకండి. అప్పటికీ సందు మిగిలితే లప్పం పెట్టకండి. నారవెంట కోసిన సన్నని పనసపేడు అతికించమనండి. ఆరబెట్టడానికి హెయిర్ డ్రయర్ తేవద్దు, మెట్ల కింద మైనం కరుగుతుంది. తర్వాత శ్రుతిని ఒక్కసారే ఎక్కించకుండా మూడు నాలుగు రోజుల్లో పెంచండి.