రాజీనామా మాత్రం రాయకు అమ్మడూ

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి నీ సంగతులన్నీ చెప్పింది. వెన్నుపూస దెబ్బ తగిలాక ఇప్పుడు ఎవరి సాయం లేకుండా మంచం మీంచి వీల్‌చైర్‌లోకి మారుతున్నావని వినగానే ఎంత సంతోషం వేసిందో. ఆ తర్వాత మీ ఆఫీసు వాళ్ళు అన్న మాట చెప్పింది. ఆఫీసు మేడ మీద ఉంది, లిఫ్ట్ లేదు, "నీకే ఇబ్బంది కదమ్మా, రాజీనామా లెటర్ ఇచ్చేయ్, సెటిల్‌మెంట్ తొందరగా చేసేస్తాం" అన్నారట, నువ్వు కూడా సరే అనేలా ఉన్నావట. వాళ్ళు ప్రేమగానే అన్నారేమో, నేను కాదనను. కానీ ఎంత ప్రేమగా అడిగినా సరే, నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకు. పెట్టావంటే రికార్డులో మిగిలేది ఒక్కటే, ఈ అమ్మాయి తన ఇష్టంతో మానేసింది అని. మెట్ల సంగతి, లిఫ్ట్ లేని సంగతి అందులో ఎక్కడా ఉండదు. తర్వాత ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఆ కాగితమే చూపిస్తారు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి దివ్యాంగుల కోసం చేసిన 1995 చట్టం కూడా రాలేదు. పోలియో కాళ్ళకి ఆసరాగా కట్టే క్యాలిపర్లు వేసుకుని, గోడ పట్టుకుని మెట్లెక్కేదాన్ని, అడగడానికి చేతిలో ఏ ఆధారమూ ఉండేది కాదు. నీ చేతిలో ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో వివక్ష అంటే కుంటిది, గుడ్డిది అని తిట్టడం ఒక్కటే కాదు, మనిషి పని చేసుకోవడానికి అవసరమైన సర్దుబాటు, సంస్థకి మరీ పెనుభారం కానిది, చేయకపోవడం కూడా వివక్షే. ఆ సర్దుబాటు ఖర్చులో ఒక్క రూపాయి కూడా మన దగ్గర వసూలు చేయకూడదని 2017 రూల్స్‌లో ఉంది, కాబట్టి "ర్యాంప్‌కి సగం నువ్వు పెట్టుకో" అని ఎవరైనా అంటే ఒప్పుకోకు.

ఒక తేడా మాత్రం తెలుసుకో. గవర్నమెంటు ఉద్యోగి అయితే చట్టం చాలా గట్టిగా ఉంది. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, పోస్టు ఖాళీ లేకపోతే అదనంగా ఒకటి సృష్టించి అయినా ఉంచాలి. రంగులు సరిగ్గా గుర్తించలేడని తీసేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్ కేసులో, వేరే పని చూపించే ప్రయత్నం చేయకుండా ఇంటికి పంపడం తప్పని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. నీది ప్రైవేటు కంపెనీ, ఆ సెక్షన్ నీకు నేరుగా వర్తించదు. కానీ వివక్ష చూపకూడదన్న సెక్షన్ 3 ఉంది. ప్రతి సంస్థకీ సమాన అవకాశాల విధానం ఉండాలన్న సెక్షన్ 21 ఉంది. ఇరవై మంది, అంతకు పైగా ఉన్న ప్రైవేటు సంస్థలో అయితే ఈ వ్యవహారాలు చూడటానికి ఒక లైజన్ ఆఫీసర్‌ని కూడా పెట్టాలి. మీ కంపెనీలో రొయ్యల ప్లాంటు, ఆఫీసు కలిపి ఎంతమందో నాకంటే నీకే బాగా తెలుసు. ఆ సమాన అవకాశాల విధానం కాపీ ఇమ్మని మెయిల్‌లో అడుగు. చాలా చోట్ల అసలు అలాంటిది ఉండనే ఉండదు, అడిగాకే తయారు చేస్తారు, అయినా పర్వాలేదు, తయారు చేయనీ.

ఇప్పుడు ఏం అడగాలో చెప్తాను. అందరూ ర్యాంప్‌తో మొదలుపెడతారు. నువ్వు బాత్రూమ్‌తో మొదలుపెట్టు. నేను పని చేసిన ఒక ఆఫీసులో నా క్యాలిపర్లతో వాడుకోగలిగిన బాత్రూమ్ లేక పొద్దున ఇంట్లో కాఫీ మానేసి, ఆఫీసులో నీళ్ళు ముట్టకుండా, మే నెల ఎండల్లో కూడా అలాగే సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. యూరిన్ ఇన్‌ఫెక్షన్లు వదిలేవి కాదు. నీది వెన్నుపూస దెబ్బ, నువ్వు ఆ పని అస్సలు చేయకూడదు. డాక్టర్ చెప్పిన టైముకి క్యాథెటర్, అదే మూత్రం తీసే గొట్టం, పెట్టుకోవాలి, దానికి శుభ్రమైన చోటు, గడియ, చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కావాలి. మూత్రం బిగబట్టి, నీళ్ళు తగ్గించి బండి లాగితే చివరికి కిడ్నీల మీదికి వస్తుంది. ఇది అడగడానికి సిగ్గుపడితే ఎలా అమ్మడూ, మగవాళ్ళు కూర్చున్న మీటింగ్‌లో నోటితో చెప్పడం కష్టమనిపిస్తే కాగితం మీద రాసి ఇవ్వు, వివరాలు అక్కర్లేదు, "వైద్య కారణాల వల్ల వీల్‌చైర్ పట్టే టాయిలెట్ తప్పనిసరి" అంటే చాలు.

కొలతలు తీసుకెళ్ళు. మన ఊళ్ళలో బాత్రూమ్ తలుపు మామూలుగా రెండున్నర అడుగులు పెడతారు, చెక్క ఫ్రేమ్ మందం, తెరిచిన తలుపు పోగా కుర్చీ రిమ్ములు రాసుకుని చేతివేళ్ళు చీరుకుపోతాయి. తలుపు తెరిచాక 900 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మూడడుగులు ఖాళీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకోవాలి, లేదా పక్కకి జరగాలి. లోపల కుర్చీ తిప్పుకోవడానికి అయిదడుగుల జాగా, కమోడ్ పక్కన పట్టుకోవడానికి గట్టి స్టీల్ రాడ్ ఉండాలి. గోడకి ప్లాస్టిక్ రాడ్ తగిలించి అయిపోయింది అంటారు, దాని మీద బరువు వేసి చూడకుండా ఒప్పుకోకు.

ర్యాంప్ సంగతికి వస్తే, మన డెల్టాలో పునాదులు ఎత్తు, 1986 వరద చూసిన తరం కట్టించిన బిల్డింగులైతే మరీ ఎత్తు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు, లెక్క అది. మూడడుగుల అరుగుకి ముప్పై ఆరు అడుగులు కావాలి, మధ్యలో ఆగడానికి చదునైన చోటు ఉండాలి, రెండు పక్కలా రెయిలింగ్ ఉండాలి. అంత జాగా లేదని మెట్ల మీద ఆరడుగుల వాలు పోసేస్తారు, అది రేవులో పంటు ఎక్కడానికి వేసే బల్లలా ఉంటుంది, ఎక్కితే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. మెరుపు టైల్స్ వద్దని ముందే చెప్పు, వానలో జారతాయి, గరుకుగా ఉండే సిమెంటో రాయో వేయమను. ర్యాంప్ ముందు బైకులు పెట్టకుండా వాచ్‌మన్‌కి వాళ్ళచేతే చెప్పించు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, ర్యాంప్ కట్టాక ఎక్కువ ఇబ్బంది పెట్టేది అదే.

మేడ మీదికి ర్యాంప్ అయ్యే పని కాదు. లిఫ్ట్ పెట్టేదాకా నీ సీటు కిందికి మార్చమను. నువ్వు చూసేది అకౌంట్స్, కంప్యూటర్, నెట్ ఉంటే చాలు, ఫైళ్ళు ఎవరైనా కిందికి తెస్తారు. యనమదుర్రు డ్రెయిన్ పొంగినప్పుడు, తుఫాను హెచ్చరిక ఉన్నప్పుడు ఇంటి నుంచి పని చేస్తానని ఇప్పుడే రాయించుకో, ఆ రోజు ఫోన్‌లో బతిమాలుకోవద్దు. రేపు లిఫ్ట్ పెడతామంటే కరెంటు పోతే జనరేటర్ దానికి పని చేస్తుందా అని అడుగు. నీ టేబుల్ కింద డ్రాయర్లు ఉండకూడదు, మోకాళ్ళు లోపలికి పట్టాలి. కుషన్ లేకుండా కూర్చోకు. అరగంటకోసారైనా చేతుల మీద బరువు వేసి నడుము లేపుకోవాలి, ఒళ్ళు తెలియని చోట పుండు పడితే నెలలు మంచాన పడేస్తుంది. ఎందుకలా లేస్తున్నావని ఎవరైనా అడిగితే చెప్పేయ్, దాచకు.

"మేమున్నాంగా, నలుగురం కుర్చీతో సహా ఎత్తుకుని పైకి తీసుకెళ్తాం" అంటారు చూడు, దానికి మాత్రం వద్దని చెప్పు. మంచి మనసుతోనే అంటారు. కానీ ఒకరి కాలు జారితే నీ వెన్నుకి మళ్ళీ దెబ్బ, పైగా ఆ నలుగురూ సెలవు పెట్టిన రోజు నువ్వు కింద గేటు దగ్గరే ఉండిపోతావు. ఆడపిల్లవి, రోజూ నలుగురు నిన్ను మోస్తుంటే ఎలా ఉంటుందో వాళ్ళకి తట్టకపోవచ్చు, నీకైతే తెలుసు. ఒక్కరోజు సరే అన్నావంటే అదే ఏర్పాటు అయిపోతుంది, లిఫ్ట్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తరు.

ఓనరు "మాది సొంత బిల్డింగ్, మా ఇష్టం" అనొచ్చు. ప్రైవేటు బిల్డింగ్ అయినా పని చేసే చోటు ఈ చట్టం కిందికి వస్తుంది, పాత బిల్డింగులకి ఇచ్చిన అయిదేళ్ళ గడువు కూడా 2022 జూన్‌తో అయిపోయింది. ఈ సౌకర్యాలు ఉత్త సలహాలుగా మిగిలిపోకూడదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టమని సుప్రీంకోర్టు 2024 నవంబర్‌లో కేంద్రానికి చెప్పింది. ఇవన్నీ మొదటి రోజే వాళ్ళ ముఖాన కొట్టమని కాదు. మొదటి లెటర్ మర్యాదగా, పొట్టిగా రాయి. నేను ఫలానా తేదీ నుంచి పనిలోకి రావడానికి సిద్ధంగా ఉన్నాను, నాకు ఇవి కావాలి, ఫలానా తేదీలోగా చెప్పగలరు, అంతే. దయచేసి, కనికరించి లాంటి మాటలు అక్కర్లేదు. మెయిల్ చెయ్యి, కాగితం మీద ఇస్తే రెండో కాపీ మీద సంతకం, తేదీ వేయించుకో. ఎవరైనా నోటిమాటగా ఏదైనా చెప్తే, సాయంత్రం "ఈరోజు మీరు ఇలా అన్నారు, నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా" అని మెయిల్ పెట్టు.

వైకల్యం సర్టిఫికెట్ ఇంకా రాలేదని ఆగకు. మీ ఊరి సచివాలయంలో అడిగి ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం పరీక్షకి స్లాట్ బుక్ చేయించుకో, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకీ అప్లై చెయ్యి, అవి చాలా చోట్ల పనికొస్తాయి. కానీ నలభై శాతం వైకల్యం ఉండాలన్నది రిజర్వేషన్ లాంటి వాటికి. పని చోట సర్దుబాటు అడగడానికి ఆ శాతం ఉండి తీరాలని లేదు, పరీక్ష రాసేవాళ్ళకి సహాయకుడి విషయంలో సుప్రీంకోర్టు 2021లో ఇదే దారిలో తీర్పు ఇచ్చింది.

వాళ్ళు కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు పంపొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో గ్రీవెన్స్‌కి వెళ్ళి అర్జీ ఇస్తే రసీదు ఇస్తారు, అది జాగ్రత్తగా ఉంచు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకు, దివ్యాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, భీమవరం కోర్టులో మండల న్యాయ సేవాధికార సంస్థ ఎక్కడని అడిగితే చూపిస్తారు. అక్కడిదాకా వెళ్ళకుండానే తేలిపోతే మంచిదే. నాకు తెలిసినంతలో చాలామంది యజమానులు చెడ్డవాళ్ళు కాదు, ఏం చేయాలో తెలియక, ఎంత ఖర్చవుతుందో అని భయపడి, మనిషిని పంపేస్తే సరిపోతుందనుకుంటారు. కొలతలతో, ఖర్చు అంచనాతో కాగితం చేతిలో పెడితే సగంమంది దారికొస్తారు. మీ ఊరి మేస్త్రీని ఆఫీసుకి తీసుకెళ్ళి ఒక అంచనా రాయించమని మీ నాన్నకి చెప్పు.

లెటర్ రాశాక ఇవ్వకముందు నాకు వాట్సాప్ చెయ్యి, చూసి చెప్తాను. అప్పటిదాకా హెచ్చార్ నుంచి ఏ కాగితం వచ్చినా, ఫుల్ అండ్ ఫైనల్, అంటే లెక్కంతా తేలిపోయింది అని రాసి ఉంటే మరీ ముఖ్యంగా, ఫొటో తీసి పెట్టు, సంతకం పెట్టకు.

పెద్దమ్మ