పేనుబంక దగ్గర మొదలుపెట్టు

తిరుపతి

చిరంజీవికి ఆశీస్సులు.

మొక్కలూ కీటకాలూ తయారుచేసే సెస్క్విటెర్పీన్లు అనే పదార్థాల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ముందు తప్పు సంగతి. లడ్డూలో వేసే పచ్చకర్పూరాన్ని వీటిలో కలిపేశావు. దాని అణువులో కార్బన్లు 10 మాత్రమే, అది మోనోటెర్పీన్ల వర్గం. సెస్క్విటెర్పీన్లలో 15 ఉంటాయి. మన ఊరి వాసనే కావాలంటే గంధం తీసుకో. గంధపుచెక్క చేవలోని శాంటలాల్ అచ్చంగా ఈ కుటుంబానిదే.

రెండోది తొందర. ‘మొక్కలు కీటకాలతో మాట్లాడతాయి’ అని ఎత్తుకున్నావు. ఎవరి మాట, ఎవరు విన్నారు, విని ఏమి చేశారు? అది చూపకుండా ఆ వాక్యం రాసే హక్కు మనకు లేదు.

మా పెరట్లో అనప పాదుకు పేనుబంక పట్టింది, అదే, రసం పీల్చే చిన్న పురుగు. లేత కొనల నిండా నల్లగా గుంపు కట్టింది. భూతద్దం పెట్టి, ఒకదాన్ని సూదిమొనతో అదిమి చూడు. వీపు చివర రెండు సన్నని గొట్టాలుంటాయి, వాటి కొసన చిన్న బొట్టు మెరుస్తుంది. అందులో ఉన్నది బీటా ఫార్నెసీన్, అదీ ఒక సెస్క్విటెర్పీనే. పక్కనున్నవి కాండంలో దించిన తొండం లాక్కుని కదులుతాయి, కొన్ని టపటపా రాలిపడతాయి. పేనుబంకకు అది ప్రమాద సూచన, దాన్ని తినే అక్షింతల పురుగుకు ఆహారం జాడ. అడవి బంగాళాదుంప ఒకటి తన ఆకుల నూగులోనే ఇదే పదార్థాన్ని తయారుచేసి పేనుబంకను దూరం పెడుతుంది. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో అర వాక్యంలో దాటేశావు!

కాగితం కథనైతే చివరికి నెట్టేశావు. కీటక శాస్త్రవేత్త కారెల్ స్లామా ప్రాగ్ నుంచి హార్వర్డ్‌కు తీసుకువెళ్లిన ఎర్ర పురుగులు అక్కడ పెద్దవి కాలేదు. పిల్ల రూపంలోనే మళ్లీ కుబుసం విడిచి, భారీగా పెరిగి చచ్చిపోయాయి. ఆయనా, హార్వర్డ్‌లోని కారల్ విలియమ్స్ కలిసి ఒక్కొక్కటే మార్చి చూశారు. చివరికి దొరికిన దోషి, సీసాల్లో పరిచిన అమెరికా కాగితం. 1965లో ఆ సంగతి ప్రచురించారు. కాగితపు గుజ్జు బాల్సం ఫర్ చెట్టుది. అందులోని జువబయోన్ అనే పదార్థం, కీటకాలను పిల్లదశలో నిలిపి ఉంచే హార్మోనును అనుకరిస్తుంది. ఆ హార్మోనూ ఈ కుటుంబానిదే. పాఠకుడిని కూడా ఆ సీసాల ముందు కాసేపు నిలబెట్టు, జవాబు వెంటనే చెప్పకు.

ఈ అణువులన్నిటికీ ఇటుకలాంటి అయిదు కార్బన్ల ఐసోప్రీన్ లెక్కలకు రెండు వాక్యాలు చాలు.

అనప పాదు ఇంకా పూత మీదే ఉంది. ఆదివారం ఎండ ఎక్కకముందే రా. భూతద్దం నా దగ్గరుంది, సన్నని సూది నువ్వు తెచ్చుకో.