ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ని స్విచ్ పెట్టి రెండు మూడు రౌటర్లకు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, కానీ స్విచ్‌ని (ఒక నెట్‌వర్క్ కేబుల్ నుంచి చాలా కేబుళ్లకు దారిచ్చే పెట్టె) మెయిన్ రౌటర్ తర్వాతే పెట్టాలి. మోడెమ్‌కీ (ప్రొవైడర్ లైన్ వచ్చి చేరే పెట్టె) రౌటర్లకీ మధ్య పెడితే మామూలుగా ఒక్క రౌటర్‌కే నెట్ వస్తుంది.

ఎందుకంటే ఇంటి కనెక్షన్‌కి ప్రొవైడర్ సాధారణంగా ఒక్క ఐపీ అడ్రసే (నెట్‌లో గుర్తింపు నంబర్) ఇస్తారు. దాన్ని ఇంట్లోని అన్ని డివైజ్‌లకూ పంచేది రౌటర్. మామూలు స్విచ్ ఆ పని చేయదు, వచ్చిన డేటాను సరైన పోర్టుకి పంపుతుందంతే.

ఉదాహరణకు మూడంతస్తుల ఇల్లు. కింద మెయిన్ రౌటర్ ల్యాన్ పోర్టు (ఇంట్లోని డివైజ్‌లకు కేబుల్ ఇచ్చేది) నుంచి స్విచ్‌కి ఒక కేబుల్, స్విచ్ నుంచి పై రెండు రౌటర్లకు చెరొకటి. పైవాటిలో కూడా ల్యాన్ పోర్టుకే గుచ్చాలి, వ్యాన్ పోర్టుకి (బయటి నెట్ తీసుకునేది) కాదు. గుచ్చేముందే వాటిలో డీహెచ్‌సీపీ (డివైజ్‌లకు ఐపీ అడ్రస్‌లు పంచే సెట్టింగ్) ఆపేసి, మెయిన్ రౌటర్ ఐపీ 192.168.1.1 అయితే వీటికి 192.168.1.2, 192.168.1.3 పెట్టండి, ఈ రెండూ మెయిన్ రౌటర్ పంచే రేంజ్‌లో ఉండకూడదు. డీహెచ్‌సీపీ ఆపకపోతే పై రౌటర్ తననే గేట్‌వేగా (నెట్‌కి వెళ్లే దారిగా) చెప్పేస్తుంది. అప్పుడు ఫోన్‌లో వైఫై ఫుల్‌గా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. ఎక్కువ మంది ఇరుక్కునేది ఇక్కడే.

స్విచ్ పెడితే స్పీడు పెరుగుతుందనుకోవడం పొరపాటు. 300 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే మూడంతస్తులకూ కలిపి 300. పైగా పాత 10/100 స్విచ్ వాడితే దాని వెనకున్న రౌటర్లకు 100 దాటదు, గిగాబిట్‌దే కొనండి.